పురిటి మైల ఇచ్చిన సెలవు

మా అక్క పోయింది. వనపర్తిలో, అద్దెగదిలో, మధ్యాహ్నం పూట మనవరాలిని పక్కన వేసుకుని పడుకున్నది పడుకున్నట్టే పోయింది. ఆ సంగతి ముందుగా తెలుసుకున్నది పక్క వాటాలో ఉండే ఇంటామె.

"పిల్ల 'అవ్వా, అవ్వా' అని పిలుస్తనే ఉంది సార్. ఆమె పలుకుతలేదు. నాకు గప్పుడే అనుమానమొచ్చింది. ఆ పిల్ల రెండోసారి పిలవంగ నేనెన్నడు ఇనలె. ఒక్కసారికే పలికేది మీ అక్క" అని చెప్పిందామె. తలుపు తోసి లోపలికి పోతే, ఏడాదిన్నర పిల్ల అవ్వ కొంగు గుంజుతూ కూర్చుని ఉందట.

నేనప్పుడు నాగర్‌కర్నూలులో కాంట్రాక్టు ఉద్యోగుల సభలో ఉన్నాను. మా మేనకోడలు, అంటే అక్క బిడ్డ, ఫోన్ చేసింది. "మామా, అమ్మ ఇగ లేదు" అంది. తర్వాత, "పిల్లకు తెల్వదు మామా. లేపుతుంది" అంది.

నా రాతలు చదివే మీకు నా గొంతు తెలుసు. ఎప్పుడూ కోపం, ఎప్పుడూ తగాదా అని మీలో కొందరు అంటుంటారు కూడా. ఈసారీ అంతే. వాదించకుండా ఏడవడం నాకు చేతకాదు. అక్క గుండె ఆగి పోయిందని దవాఖానలో చెప్పారు. నిజమే. దాని పక్కన నేను ఇంకో మాట పెడుతున్నాను. మా అక్క సెలవు లేక పోయింది. తన సెలవు కాదు. ఆమె జన్మలో సెలవు ఉన్న ఉద్యోగం చేయలేదు. తన బిడ్డకు రావలసిన సెలవు.

అక్కది గద్వాలలో మగ్గం ఉన్న ఇల్లు. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ నేతలోనే, పోగు పోగుకూ ముడివేసుకుంటూ పోవాలి. దాన్ని కుట్టు అంటారు. ఒక్క మనిషితో తెమిలే పని కాదది. బావ మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే అక్క పక్కన కూర్చుని అంచు వైపు పట్టుపోగు మోసే నాడె అందించేది. బావ మాట్లాడడు. అక్క మాట్లాడకుండా ఉండలేదు. అలా ముప్పై ఏళ్లు ఒకరి మౌనం, ఒకరి ముచ్చట కలిపి చీరలు నేశారు. నేను పోయినప్పుడల్లా, "వచ్చినవా తమ్మీ? కూసో. మీ బావకు ఒక చెవి తక్కువైంది, నీ చెవి గూడ ఇటియ్యి" అనేది.

మా మేనకోడలు పుట్టినప్పుడు నేను కొత్తగా పుస్తకాలు చదివి, కొత్తగా గడ్డం పెంచి, లోకంలోని మూఢనమ్మకాలన్నిటి మీదా యుద్ధం ప్రకటించిన రోజులు. మా ఇళ్లల్లో పురిటాలు మగ్గాన్ని ముట్టకూడదు. బిడ్డను తొట్టెలలో వేసే రోజు దాకా ఆమెకు మైల. మగ్గం దేవుడితో సమానం కనుక ఆ దరిదాపులకు పోనియ్యరు. అక్క మూలగదిలో పాపను ఒళ్లో పెట్టుకుని ఉంది. నేను గుమ్మంలో నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాను. రక్తం మైల ఏంది, బిడ్డను కన్న మనిషి మైల ఏంది, ఇది ఆడదాన్ని అవమానించడం కాదా అని.

అక్క అంతా విన్నది. "ఔ తమ్మీ. నువ్వన్నది నిజమే. జర మెల్లగ అను" అంది.

"ఎందుకు మెల్లగ?"

"మీ బావ ఇన్నడంటే మైల తీసేసి రేపే మగ్గం కాడ కూసోపెడ్తడు. ఈ అంటు పుణ్యాన గీ నాలుగు దినాలన్న పిల్లను చూసుకుంటున్న. దీన్ని గూడ తీసెయ్యకు నాయన."

ఆమెకు ఆ జన్మలో దొరికిన ప్రసూతి సెలవు అదొక్కటే. తొట్టెల అయిన మర్నాడే మగ్గం దగ్గరికి వచ్చింది. ఉయ్యాల తాడును కాలి బొటనవేలికి కట్టుకుని, చేత్తో నాడె, కాలితో బిడ్డ. పాప ఏడిస్తే బావ చెయ్యి ఆగేది. బావ చెయ్యి ఆగితే అత్తగారి నోరు లేచేది.

ఆ ఉయ్యాలలో పెరిగిన పిల్ల బీఈడీ చేసింది. వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో టీచరైంది. పెళ్లయింది. అల్లుడు పత్తి విత్తనాల కంపెనీలో పని, ఊరూరా తిరగాలి. కోడేరు దిక్కు పోతే రెండేసి రోజులు ఇంటికి రాడు. మంచి పిల్లగాడే. మా మేనకోడలు నెల తప్పిందని తెలిసినప్పుడు అక్క ఎగిరి గంతేసింది. ఆ వెంటనే అడిగిన మొదటి మాట, "బడోళ్లు ఏమంటరు?"

బడివాళ్లు ఏమన్నారో చెప్తాను. నేనూ అక్కా కలిసి కరస్పాండెంటు దగ్గరికి పోయాం. ఆయన వెనక గోడకు పెద్ద సరస్వతి పటం, దాని చుట్టూ రంగురంగుల బల్బులు. జీతంతో ఆరు నెలల సెలవు ఇవ్వాలని చట్టం ఉందని నేను మొదలుపెట్టాను. ఆయన మంచిగా నవ్వాడు.

"చట్టం మాకు తెల్వదా అన్నా? చట్టమంతా పెడితే బడి మూసుకోవాలె. మేడంను రాజీనామా ఇయ్యమనుండ్రి. కాన్పయినంక నెలకు రమ్మనుండ్రి. ఖాళీ ఉంటే మళ్ల తీసుకుంటం."

లేబర్ ఆఫీసుకు పోతానన్నాను. పొమ్మన్నాడు. చాయ్ తాగి పొమ్మన్నాడు. నా గొంతు లేచింది. అక్క నా మోకాలి మీద చెయ్యి వేసింది. బయలుదేరేటప్పుడే మేనకోడలు బతిమాలింది, "మామా, జర పైలం, ఈడ పేరు చెడితే ఊర్ల ఏ బడోళ్లు తీసుకోరు" అని. ఆ భయం ఉన్నంత కాలం ఏ చట్టమైనా గోడమీద సున్నమే.

అప్పుడు అక్క నోరు విప్పింది. ఎంతో వినయంగా.

"సార్, ఒక్క మాట. నెలకు రమ్మంటున్నరు. పురుడెళ్లని పిల్ల. మాకు ఐదో నెల దాంక అంటు. బడిల అమ్మవారున్నది, పిల్లలు ముట్టుకుంటరు. రేపు రిజల్టు గిట్ల తారుమారైతే మా మీద పెట్టొద్దు."

ఆయన నవ్వు ఆగింది. "ఐదో నెల దాంకనా?"

"మా తాతల కాలం నుంచి గంతే సార్. మాకు మగ్గమే ముట్టనియ్యరు. బడి ఎట్ల ముట్టనిస్తరు?"

కరస్పాండెంటు తల తిప్పి పటం వంక చూశాడు. బల్బులు వెలిగి ఆరుతున్నాయి. "సరే. ఐదో నెల వెళ్లినంకనే రమ్మనండ్రి. రాజీనామా గూడ వద్దు. జీతం మాట మాత్రం ఎత్తొద్దు" అన్నాడు.

బయటికి వచ్చాక అడిగాను, "అక్కా, మనకు తొట్టెల దాకనే కదా అంటు?"

"ఇయ్యాల్టి నుంచి ఐదు నెలలు. నువ్వెందుకు పరేషానైతవ్? తాతలొచ్చి అడుగుతరా?"

బస్టాండు దాకా నవ్వుకుంటూనే నడిచాం. ఈ ముచ్చట చెబితే అందరూ అక్క తెలివిని మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోవద్దు. సిగ్గుపడండి. ఒక దేశపు చట్టం తెరవలేని తలుపును లేని మైల ఒకటి తెరిచింది. తల్లికి హక్కుంది అంటే చాయ్ తాగి పొమ్మన్నవాడు, తల్లికి అంటు ఉంది అంటే దిగివచ్చాడు. దాని ఖరీదు కట్టింది కూడా మా పిల్లే. ఐదో నెల వెళ్లి బడికి పోయిన రోజు గేటు దగ్గర ఆయా ఆమె మీద పసుపునీళ్లు చల్లింది, సార్ చెప్పిండని. తోటి టీచర్లు ఆ వారమంతా ఆమెతో టిఫిను డబ్బా పంచుకోలేదు. రాత్రికి తల్లి దగ్గర ఏడిస్తే అక్క అన్నదట, "ఏడువు. మంచిగ ఏడువు. పాప నాలుగు నెలలెక్కువ నీ పాలు తాగింది గద, గది యాది పెట్టుకోని ఏడువు."

నేను ఊరుకోలేదు. ఫిర్యాదు రాశాను, తిరిగాను, వ్యాసాలు రాశాను, ఇంకా రాస్తూనే ఉన్నాను. అక్క వెటకారాలాడేది గానీ వద్దని ఒక్కరోజూ అనలేదు. ఆమె అన్న మాట నాకు పచ్చబొట్టులా మిగిలింది. "నువ్వు కొట్లాడు తమ్మీ. నువ్వు గెలిచేదాంక పిల్లను నేను పట్టుకుంట."

అట్లా పట్టుకోవడానికే గద్వాల వదిలి వనపర్తి గదికి పోయింది. బావ అడ్డం నిలబడ్డాడు. ఆయన నోటి నుంచి అన్ని మాటలు రావడం నేను అదే మొదట వినడం.

"నువ్వు పోతే అంచు ఎవలేస్తరు?"

"అంచు లేని చీరలు నెయ్యి."

"అంచు లేకుంటే అది గద్వాల చీరేంది?"

"పిల్ల కాడ మనిషి లేకుంటే అది పెంపకమేంది?" అంది అక్క, సంచి భుజానికి తగిలించుకుని.

బావ సాదా బట్టకు దిగాడు. రాబడి సగం కంటే కిందికి పడింది. మా మేనకోడలికి జీతంతో సెలవు ఇవ్వకపోవడం వల్ల బడికి మిగిలిన సొమ్ము అంతా ఆ మగ్గం గుంటలోంచి తవ్వుకుపోయిందే. మన దేశంలో ప్రసూతి సెలవుకు అమ్మమ్మ అని పేరు. దాని జీతం ఎవరి లెక్కలోనూ కనపడదు.

బడి మధ్యాహ్నం గంట కొట్టేసరికి అక్క పాపను చంకనేసుకుని గేటు ముందు ఉండేది. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. బడి ఎదుట కిరాణా దుకాణమామె, దేవతలాంటి మనిషి, బియ్యం బస్తాల వెనక ఒక దుప్పటి కట్టి చోటు చేసింది. ఒకరోజు నేను పోయి చూశాను. మేనకోడలు బస్తాకు ఒరిగి పాపకు పాలిస్తోంది. పాలిచ్చే మనిషికి తినడానికి తీరిక లేదు కనుక అక్క ముందు కూర్చుని, కలిపిన అన్నం బిడ్డ నోట్లో ముద్దలు పెడుతోంది. తల్లి బిడ్డకు పెడుతోంది, ఆ బిడ్డ తన బిడ్డకు పెడుతోంది, అవతల గంట కొట్టడానికి ఆయా లేచి నిలబడింది. నన్ను చూసి అక్క, "ఏం చూస్తున్నవ్? పోయి గంట కొట్టేటామెకు నాలుగు ముచ్చట్లు చెప్పు. నువ్వు మొదలు పెడితే ఆమె గంట మరుస్తది" అంది. పోయి చెప్పాను. గంట కొంచెం ఆలస్యమైంది. నా ఉపన్యాసాలన్నిటిలో పనికొచ్చింది అదేనని తర్వాత చాలాసార్లు ఎత్తిపొడిచింది.

మిగతా పూటంతా ఆ గదిలో అక్క పాపతో మాట్లాడుతూనే ఉండేది. గద్వాలలో బావకు చెప్పిన ముచ్చట్లన్నీ ఇప్పుడు ఈ పిల్లకు.

"ఏందమ్మా, పప్పుల ఉప్పెక్కువైందా?"

"ఊఁ."

"ఔ, నేను గూడ గదే అనుకున్న. మీ అమ్మకు చెప్పొద్దు, సరేనా?"

"ఊఁ."

"అమ్మో, ఎంత కాయిదగల్ల పొల్లవే! చెప్పిన మాట ఇంటవ్!"

అంత పసిదానికి ఏం తెలుస్తుందని నేనంటే, "తెలుసుడు తర్వాత. పిలిస్తే పలకాలె తమ్మీ. పలకకుంటే పిల్ల పిలుసుడే మరుస్తది" అంది. పసిపిల్లల ఎదుగుదలను చదువుకున్నవాళ్లూ ఈ మాటే చెబుతారు. బిడ్డ ఊఁ అనడం, దానికి ఎదుటి మనిషి పలకడం, ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మెదడు అల్లుకుంటుందని. సర్కారుకు తెలియదనుకునేరు. తెలుసు. మొదటి వెయ్యి రోజులు ముఖ్యమని ఊరూరా గోడల మీద రాయించింది. ఆ వెయ్యి రోజులు బిడ్డ పక్కన ఎవరు కూర్చోవాలో, కూర్చున్న మనిషికి ఆ పూట అన్నం ఎవరు పెట్టాలో మాత్రం ఏ గోడ మీదా రాయలేదు. మా మేనకోడలికి ఎగ్గొట్టడానికైనా ఒక చట్టం ఉంది. ధరూర్ దిక్కు పత్తి చేలల్లో విత్తనాల కోసం పువ్వుకు పువ్వు పుప్పొడి రుద్దే తల్లులకు అదీ లేదు. గట్టున గొడుగు కింద చంటిబిడ్డ, దాని కాపలాకు ఐదేళ్ల అక్క. ఆ అక్క బడికి ఎందుకు రాలేదని సర్వే చేయడానికి మళ్లీ ఒక జీపు.

తండ్రి సంగతి అడగరేమి? కేంద్ర సర్కారు కొలువైతే తండ్రికి పదిహేను రోజులుంది. ప్రైవేటువాడికి చట్టం ఒక్క పూట కూడా రాయలేదు. అల్లుడు ఆదివారం వచ్చి చేతులు చాస్తే పాప బెదిరి అవ్వ మెడ కరుచుకునేది. "నా బిడ్డ నన్ను జూసి ఏడుస్తుంది మామా" అన్నాడు నాతో, నవ్వబోయి. కంపెనీకి అతను పత్తి మొలకను చూసినంత శ్రద్ధగా తన బిడ్డను చూసే రోజు ఒక్కటీ దొరకలేదు.

ఎండాకాలం నుంచే అక్కకు ఛాతీలో బరువు. నాలుగు మెట్లు ఎక్కితే ఆగి, "పిల్ల బరువైతుంది" అని నెపం పాప మీదికి తోసేది. వనపర్తి దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఇక్కడ కాదు, హైదరాబాదు పోయి గుండె పరీక్షలు చేయించుకోవాలి, ఆలస్యం చేయొద్దు అని గట్టిగా చెప్పింది. మేనకోడలు రెండు రోజుల సెలవడిగింది. స్లిప్ టెస్టులన్నారు. మళ్లీ అడిగింది. తనిఖీ అన్నారు. అల్లుడికి విత్తనాల సీజను. నేను కారు మాట్లాడుకుని పోయాను. ఆ పొద్దుటే పాపకు జ్వరం. అక్క కదలలేదు.

"పిల్లను నేను చూస్తాను, నువ్వు పో అక్కా. బావను తోడు పంపుతా" అన్నాను.

"నువ్వా? మైకు పట్టుకున్నట్టు పట్టుకుంటవ్ పిల్లను. మెడ ఇరుగుతది."

"అక్కా, ఇది నవ్వులాట కాదు."

"తెల్సు తమ్మీ" అంది. అప్పుడు మాత్రం నవ్వలేదు. పాప నుదుటి మీది తడిబట్ట తీసి, తిప్పి వేసింది. "దసరా సెలవులొస్తయి గద. బిడ్డకు సెలవిస్తరు. అది పిల్లను పట్టుకుంటది. నేను పోత. నాకేం సావాలనుందా?"

దసరా రాలేదు. అంతకు ముందే, వానాకాలం నడుమన, నేను మొదట చెప్పిన ఆ మధ్యాహ్నం వచ్చింది.

గద్వాలకు తెచ్చాం. పలకరించడానికి వచ్చినవాళ్లు ఒకటే మాట. పుణ్యాత్మురాలు, మనవరాలి పక్కనే పోయింది, ఎంత ప్రేమ, మన కుటుంబాల గొప్పతనమే అది అని. నేను తిరిగే ఉద్యోగుల సంఘం పెద్దమనిషి కూడా ఆ మాటే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ప్రేమ ఉందండీ, ఎవరు కాదన్నారు? ఆ ప్రేమ మీద కదా బడి నడుస్తోంది, విత్తనాల కంపెనీ నడుస్తోంది, దేశం నడుస్తోంది. ఒక తల్లికి జీతంతో సెలవు, ఒక తండ్రికి నాలుగు వారాలు, బడి పక్కన పిల్లల్ని ఉంచే ఒక గది. ఇంతే ఉంటే మా అక్క పాపను ముద్దు చేసి, పొద్దుటి బస్సుకు హైదరాబాదు పోయి, మందులు తెచ్చుకుని, బావ పక్కన కూర్చుని అంచు వేస్తూ ఉండేది. ప్రేమ అప్పుడూ ఉండేది. మనిషి కూడా ఉండేది.

దినాలు కాకముందే బడి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "మేడం, క్వార్టర్లీ పరీక్షలున్నయి" అని. మేనకోడలు మానేస్తానంది. మానేస్తే వనపర్తి గది అద్దె ఎవరు కడతారు, మగ్గం ఇప్పటికే సగమైంది. ఆ రాత్రంతా అదే తర్జనభర్జన. చివరికి ఎప్పుడూ మాట్లాడని బావే అన్నాడు, "నువ్వు పో బిడ్డా. పిల్లను నేను జూస్త. మగ్గం ఎటు పోదు." సాదా బట్ట కూడా ఆగిపోయింది. సెలవు ఇప్పుడు ఆయన వంతుకు వచ్చింది.

పదకొండో రోజు వెళ్లిన మర్నాడు మేనకోడలు పాప లేవకముందే వనపర్తి బస్సెక్కింది. బావ పెరట్లో బండ మీద కూర్చుని, లుంగీ పైకి మడిచి, కాళ్లు చాచి, పాపను కాళ్ల మీద బోర్లా వేసుకోవాలో వెల్లకిలా వేసుకోవాలో తెలియక నా వంక చూశాడు. నాకేం తెలుసు? చెంబుతో నీళ్లు పొయ్యమన్నాడు. పోశాను. సబ్బు నురగంతా పిల్ల కళ్లల్లోకి పోయింది. గుక్కపట్టి ఏడ్చింది. బావ గాబరాగా లుంగీ చెంగుతో మొహం తుడిచాడు. పసిపిల్లల తలకు పోసే ఆడవాళ్లు కనుబొమ్మల మీద అరచేయి అడ్డం పెడతారు, నీళ్లు కళ్లల్లోకి జారకుండా. అది మాకిద్దరికీ తట్టలేదు.

రెండో చెంబు ముంచాను. పాప ఏడుపు ఆపి, చెంబు వంక చూసింది. తర్వాత తన చిన్న అరచేతిని తీసి నుదుటి మీద అడ్డంగా పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, నీళ్ల కోసం కూర్చుంది.